యాభై ఏళ్ళు దాటిన బండి
(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1985లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేశాను. చదువుకున్నది మెకానికల్ ఇంజనీరింగు. ముప్పై ఏళ్ళకు పైగా విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు నడిపించడం, ఆగినవాటిని విప్పి బాగుచేయించడం నా పని. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా చెప్పరా అన్నారు. బాగా తెలిసింది టర్బైనే. కానీ దాని గురించి మొదలుపెడితే పది నిమిషాల్లో మీ చూపులన్నీ భోజనాల పందిరి వైపు తిరుగుతాయి. అందుకని ఒక పాత కారు కొనడం గురించి చెబుతాను. కారు కొనే ఆలోచన లేనివాళ్ళు కూడా వినొచ్చు. చివర్లో మీ అందరినీ ఒకటి అడుగుతాను.

మన బడి 1975లో మొదలైంది. ఇప్పుడు యాభై నిండింది. తమాషా ఏమిటంటే మన దేశంలో బండికి గౌరవం దక్కే వయసు కూడా యాభయ్యే. కేంద్ర ప్రభుత్వం 2021లో మోటారు వాహనాల నిబంధనల్లో కొత్తగా కొన్ని చేర్చింది. వాటి ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు బండిని వింటేజ్ అంటారు. రెండు చక్రాలవైనా, నాలుగు చక్రాలవైనా ఇదే లెక్క. ఇంగ్లండు క్లబ్బుల వాళ్ళ లెక్క వేరు. వాళ్ళకు 1904 చివరి వరకు తయారైనవి వెటరన్ కార్లు, 1919 నుంచి 1930 వరకు వచ్చినవే వింటేజ్ కార్లు. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా నవంబరులో జరిగే పరుగులో 1905కు ముందు బండ్లకే చోటు. మన దగ్గర స్టేట్స్‌మన్ పత్రిక వాళ్ళు 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టారు.

పాత కారు అనగానే చాలామందికి రాజుల బండ్లే గుర్తొస్తాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని చూడటానికి టికెట్టు కొనగలం గానీ దాన్ని కొనలేం. నేను చెప్పేవి మధ్యతరగతి బండ్లు. మన చిన్నప్పుడు ఊళ్ళో డాక్టరు గారికో, రైసుమిల్లు వారికో ఉన్నవి. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్, మద్రాసు శివార్లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మన చిన్నతనంలో దేశంలో కారంటే ఈ మూడే.

2022లో హైదరాబాద్‌లో పాత కార్ల అభిమానుల క్లబ్బు ఒకటి ఆదివారం ఉదయం కలుసుకుంటోందని ఒక స్నేహితుడు చెప్పాడు. నేను ఉండేది విజయవాడలో. శనివారం రాత్రి బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళేముందు మా ఆవిడ, "ఇంట్లో ఉన్న పాత సామాన్లలో అదొక్కటే తక్కువైంది" అంది.

క్లబ్బు కలయిక అంటే సంతలాంటిదేమీ కాదు. అరుపులుండవు, దళారులు తక్కువ. ఉదయం ఆరున్నరకే ఒక్కో బండీ వచ్చి వరసలో నిలబడుతుంది. బానెట్లు తెరుస్తారు. ఫ్లాస్కుల్లో టీ, ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు. అమ్మేవాళ్ళుంటే అద్దం లోపల చిన్న కాగితం పెడతారు, అంతే. ఇక్కడ కొనడంలో ఒక లాభం ఉంది. ప్రతి బండి చరిత్రా తోటి సభ్యులకు తెలుసు. ఒకే బండి గురించి ముగ్గురిని అడగండి. ఒకరు పొగుడుతారు, ఒకరు నవ్వి ఊరుకుంటారు, ఒకరు "పోయిన ఏడు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చాం" అంటారు. మూడూ కలిపితే నిజం దొరుకుతుంది.

వీలైతే బండి యజమాని ఇంటి నుంచి బయలుదేరకముందే వెళ్ళి చూడాలి. రాత్రంతా చల్లబడ్డ ఇంజను మొదటిసారి ఎలా లేస్తుందన్నది ఆ బండి మనతో చెప్పే మొదటి మాట. నీలం పొగ వస్తే పిస్టన్ రింగుల దగ్గరో వాల్వుల దగ్గరో నూనె పోతోంది. రేడియేటరు మూత తీసి చూస్తే నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించిందా, హెడ్ గ్యాస్కెట్ సంగతి చూసుకోవాలి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఎందుకు ముందే వేడిచేశారని మర్యాదగానే అడగండి.

ఆ ఉదయం అమ్మకానికి ఉన్నవి రెండు. ఒకటి అంబాసిడర్. మీగడ రంగు పెయింటు, అద్దంలా మెరిసే క్రోమియం, కొత్త సీటు కవర్లు. దాని చుట్టూ జనం. నా జేబులో ఎప్పుడూ ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. పెయింటు గీసుకుపోకుండా జేబురుమాలులో చుట్టి తలుపుల అడుగు అంచుల మీద, చక్రాల పైన వంపుల మీద నెమ్మదిగా జరిపాను. రేకున్న చోట అతుక్కుంటుంది. పుట్టీ మందంగా పూసిన చోట జారిపోతుంది. ఆ బండికి నాలుగు తలుపుల అడుగునా జారిపోయింది. పైన పటారం, లోన లొటారం. తర్వాత కాగితాలు అడిగాను. ఆర్‌సీ జిరాక్సు ఇచ్చారు. అందులోని ఇంజను నంబరుకూ ఇంజను మీద కొట్టి ఉన్న నంబరుకూ పొంతన లేదు. అసలు ఆర్‌సీ ఊళ్ళో ఉందన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

కుర్రవాళ్ళకు ఇక్కడొక మాట. పాత బండి కొనడమంటే ముందు కొనేది దాని కాగితాలు. తుప్పు పడితే కోసి కొత్త రేకు వేయొచ్చు. ఇంజను అరిగితే బోరింగ్ చేయించొచ్చు. ఛాసిస్ నంబరు కాగితంతో కలవకపోతే ఏ మేస్త్రీ బాగుచేయలేడు. పెన్సిలుతో నంబరు అచ్చు తీసుకుని ఒక్కో అంకే సరిచూసుకోండి. అమ్మేవారు సంతకం చేసిన ఫారం 29, ఇద్దరి సంతకాలున్న ఫారం 30 చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. మూడక్షరాలు, నాలుగంకెల పాత నంబరు బండ్లయితే ఇంకో చిక్కుంది. వాటి వివరాలు చాలాచోట్ల కంప్యూటర్‌లో ఉండవు. పాత రిజిస్టరులో పేజీ వెతికించి ఎక్కించుకోవాలి. నాకు ఆ ఒక్క పేజీ దొరకడానికి ఒక కార్యాలయం చుట్టూ నాలుగు నెలల తిరుగుడు పట్టింది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలా అని అడుగుతుంటారు. కొత్తగా తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. అంతకుముందే నంబరున్న బండికి ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చేవాటికి నంబరులో 'వీఏ' అని వస్తుంది. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్ళడానికే అనుమతి. రోజూ కూరగాయలకు వెళ్ళడానికి కుదరదు. నా బండికి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఉంది కాబట్టి అలాగే కొనసాగిస్తున్నాను.

ఇక రెండో బండి. వరస చివర, వేపచెట్టు కింద, ఎవరూ పెద్దగా పట్టించుకోని స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ త్రీ. 1970 నాటిది. నేనూ ఆ ఏడాదే పుట్టాను. నీలం రంగు వెలిసిపోయింది. డ్రైవరు సీటు అంచు చిరిగి, దారంతో కుట్టి ఉంది. అయస్కాంతం మాత్రం ప్రతి చోటా టక్కున అతుక్కుంది.

హెరాల్డ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1959లో ఇంగ్లండులో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ దీన్ని బయటికి తెచ్చింది. ఆకారం గీసింది ఇటలీ డిజైనరు జొవాన్నీ మికెలోట్టి. అప్పటికే తక్కిన కంపెనీలు ఛాసిస్, బాడీ కలిపి ఒకే పెట్టెలా చేస్తున్నాయి. వీళ్ళు మాత్రం పాతకాలంలో లాగా విడి ఛాసిస్ పెట్టి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. కారణం ఉంది. వీళ్ళకు బాడీలు చేసిపెట్టే ఫ్యాక్టరీని పోటీ కంపెనీ కొనేసింది. మొత్తం బాడీ ఒకే చోట చేసిచ్చేవాళ్ళు దొరకక, ముక్కలుగా తలా ఒకచోట చేయించుకున్నారు. ఆ ఇబ్బందే మనకు మేలైంది. ముక్కలుగా ఓడలో తెచ్చి బిగించుకోవడానికి ఇలాంటి బండి తేలిక. 1961 నుంచి మద్రాసులో మన హెరాల్డులు తయారయ్యాయి. ఇంగ్లండులో దీనికి రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డ్ చేసింది ప్రపంచంలో మద్రాసు వాళ్ళొక్కరే. మన కుటుంబాలు పెద్దవి కదా! ఇంజను 948 సీసీ. బానెట్ ఎత్తితే ముందు భాగం మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరిగిపోతుంది. చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. 25 అడుగుల వెడల్పుంటే చాలు, గుండ్రంగా తిరిగిపోతుంది. సన్నటి సందుల్లో రోగుల ఇళ్ళకు వెళ్ళే డాక్టర్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ బండి యజమాని కూడా డాక్టరు గారే. ఎనభై రెండేళ్ళు. కోస్తాలో ఒక చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసి, రిటైరై హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. కొత్తలో కొన్నది ఆయనే, యాభై రెండేళ్ళు నడిపిందీ ఆయనే. భుజం నొప్పితో స్టీరింగు తిప్పలేక అమ్మకానికి పెట్టారు. నేను బండి కిందికి దూరి చూస్తుంటే చేతికర్ర పట్టుకుని పక్కన నిలబడి అడిగారు: "ఏం చూస్తున్నావు బాబూ?"

"అవుట్‌రిగ్గర్లు చూస్తున్నానండీ" అన్నాను. ఛాసిస్ నుంచి రెండు పక్కలకూ చేతుల్లా చాచి బాడీని మోసే ఇనుప ముక్కలవి. హెరాల్డ్‌లో ముందు తుప్పుపట్టేది అవే. గుమ్మం కింద పొడవుగా కనిపించే రేకు చూపుకే, బరువు మోయదు. పై రేకు బాగుందని మురిసిపోతే, లోపల చేతులు విరిగి ఉండొచ్చు.

ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "నువ్వు చేత్తో పని చేస్తావా, చేయిస్తావా?"

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా అడగలేదు. "మొదట్లో చేసేవాణ్ణండీ. ఇప్పుడు ఎక్కువగా చేయిస్తున్నాను" అన్నాను.

ఆయన ధర 2,75,000. అప్పటికే ఇంకొకాయన 3,25,000 ఇస్తానన్నారట. జాతీయ రహదారి పక్కన భోజనశాల పెడుతూ, ముందు అలంకారంగా నిలబెట్టడానికి. ఇంజను తీసేసి అందులో పూలకుండీలు పెడతారట. డాక్టరు గారు నాతో అన్న మాటలు ఇవి: "ఆయన ఇచ్చేది ఎక్కువే. కానీ అది నిలబడిపోతుంది. నీకు ఇస్తాను, ఒక షరతు మీద. ఈ బండిని నలభై ఏళ్ళుగా చూస్తున్న మేస్త్రీ ఒకాయన ఇక్కడికే వచ్చి ఉంటున్నాడు. ఆరు ఆదివారాలు ఆయన దగ్గర కూర్చుని పని నేర్చుకో. ఆరో ఆదివారం తాళం ఇస్తాను. మధ్యలో మానేస్తే బండి పూలకుండీలకు పోతుంది."

ఒక్క నిమిషం ఆలోచించాను. ఆరు శనివారాల రాత్రులు బస్సు, ఆరు ఆదివారాల రాత్రులు తిరుగు బస్సు, సోమవారం పొద్దున్నే డ్యూటీ. బేరమాడకుండా సరేనన్నాను.

ఆ మేస్త్రీని అందరూ చాచా అనేవారు. డెబ్బై నాలుగేళ్ళు. పాతబస్తీలో రేకుల షెడ్డు. కొడుకులిద్దరిలో ఒకరు గల్ఫ్‌లో, ఒకరు ఫోనుల దుకాణంలో. మొదటి ఆదివారం నేను పాన పట్టుకోబోతే పక్కన పెట్టించారు. ఇంజను స్టార్ట్ చేసి, పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని నా చెవికి ఆనించి, రెండో కొసను వాల్వు కవరు మీద పెట్టారు. "కాన్ లగాకే సునో, ఇంజనీర్ సాబ్" అన్నారు. ఒక చోట టిక్ టిక్ అంటోంది, ఒక చోట మెత్తగా ఉంది. "టిక్ టిక్ అనేది కొంచెం వదులు. దానికి భయం లేదు. చప్పుడు లేనిది చూసుకో. అది బిగుసుకుంది, వాల్వు కాలిపోతది." మా టర్బైన్ల దగ్గర కంపనాలు కొలవడానికి లక్షల ఖరీదు చేసే పరికరాలున్నాయి. అవి చెప్పే విషయమే చాచా స్క్రూడ్రైవరు చెప్పింది.

మూడో ఆదివారం ట్రనియన్ గురించి చెప్పారు. ముందు చక్రం పక్కకు తిరగడానికి ఒక నిలువు కడ్డీ ఉంటుంది. దాని అడుగున మరలుంటాయి. ఆ మరలు కంచు ముక్కలో కూర్చుంటాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా బోల్టు నట్టులో తిరిగినట్టు అది తిరుగుతుంది. కుడివైపు మర ఒక దిక్కు, ఎడమవైపు మర దానికి ఎదురు దిక్కు. దానికి గ్రీజు పెట్టకూడదు, 90 నంబరు గేరు నూనె ఎక్కించాలి. గ్రీజు గట్టిపడి మరల్లోకి దిగదు. నీరు చేరి కడ్డీ తుప్పు పడుతుంది. ఒకరోజు మలుపులో విరిగి చక్రం పక్కకు మడతపడిపోతుంది. తెలియని మేస్త్రీలు గ్రీజు గన్ను కనబడగానే అన్నిచోట్లా గ్రీజే కొట్టి పంపిస్తారు. అలాంటి హెరాల్డులు ఎన్ని పాత ఇనుముకు వెళ్ళిపోయి ఉంటాయో! డాక్టరు గారి బండికి ఒక్కసారి కూడా కడ్డీ విరగలేదు. చాచా దగ్గర దానికోసమే ఒక విడి నూనె గన్ను ఉండేది. దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంచేవారు, పొరపాటున ఎవరూ గ్రీజు నింపకుండా.

ఆ రోజు నాకు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన ఇవాళ వేదిక మీదే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో సైకిలు హబ్బు విప్పించి, గుండ్లు, కోనులు, వాషర్లు న్యూస్‌పేపరు మీద విప్పిన వరసలోనే పెట్టించేవారు. "విప్పడం ఎవడైనా విప్పుతాడు, వరస మర్చిపోయినవాడు బిగించలేడు" అనేవారు. మాస్టారూ, మీ వరస పద్ధతిలోనే ఆ కార్బురేటరు విప్పాను. ఒక్క వాషరు కూడా మిగల్లేదండీ!

ఆరో ఆదివారం సాయంత్రం డాక్టరు గారు వచ్చి, బండి స్టార్ట్ చేయించి విన్నారు. చాచా వైపు చూశారు. చాచా తలూపారు. తాళం నా చేతిలో పెట్టారు. మరునాడు పొద్దున బయలుదేరి, గంటకు యాభై కిలోమీటర్లు దాటకుండా, సూర్యాపేటలో ఆగి ఇంజను చల్లబరిచి, సాయంత్రానికి విజయవాడ చేరాను. టోల్‌గేట్ల దగ్గర కుర్రవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి బండి చుట్టూ ఒకసారి చూసి, "సీటు కుట్టు బాగుంది, ఎవరు వేశారు?" అంది. ఆ కుట్టు వేసింది డాక్టరు గారి భార్యట. ఇప్పుడు ఆమె లేరు. ఆ సీటు నేను మార్పించలేదు.

ఖర్చు సంగతి దాచను. మూడేళ్ళలో కొన్న ధరకు మించి ఖర్చయింది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకు కూడా ముందు భాగంలో ఈ ట్రనియన్లే ఉండటంతో అవి ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. వెనక తలుపులు మాత్రం ఎక్కడా దొరకవు. అవి మద్రాసు వాళ్ళకే ప్రత్యేకం కదా! రేకు కొట్టి చేయించుకోవాల్సిందే. ఆటోనగర్‌లో అలా రేకును సుత్తితో వంపు తిప్పగల మేస్త్రీ కోసం వారం రోజులు వెతికాను. దొరికినాయనకు అరవై ఎనిమిదేళ్ళు.

పెట్రోలు కూడా మారింది. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. సీసం ఉన్న రోజుల్లో అది వాల్వు సీట్ల మీద పూతలా నిలిచి కాపాడేది. ఇప్పుడు హెడ్‌కు గట్టి లోహపు సీట్లు వేయించుకోవాలి. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా వచ్చింది. అది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రంను మెత్తబరిచి చిల్లులు పెడుతుంది. అవన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాను. బ్యాటరీ విషయంలోనూ జాగ్రత్త. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి మైనస్సు బదులు ప్లస్సు ఛాసిస్‌కు కలిపి ఉండేది. చూడకుండా వేరే బండి నుంచి వైర్లు కలిపితే పరికరాలు కాలిపోతాయి.

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో గట్టెక్కేవి. గట్టెక్కనిది ఒకటుంది. పోయిన సంవత్సరం రంజాన్ వెళ్ళిన పది రోజులకు చాచా పోయారు. ఆయన చెప్పినవన్నీ నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. 62 పేజీలు, బొమ్మలతో సహా. ఏ నట్టు ఎంత బిగించాలో, ఏ సందు ఎన్ని వేల వంతుల అంగుళమో, అన్నీ ఉన్నాయి. కానీ ఆ చప్పుళ్ళు కాగితం మీద లేవు. వదులు వాల్వు టిక్ టిక్ ఎలా ఉంటుందో రాయగలను. బిగుసుకున్న వాల్వు మౌనం ఎలా ఉంటుందో ఎలా రాయను? అది ఒకరి పక్కన ఇంకొకరు కూర్చుంటేనే వస్తుంది. డాక్టరు గారు ఆ షరతు పెట్టకపోతే ఆ కాస్త కూడా చాచాతోనే వెళ్ళిపోయేది. యాభై వేలు వదులుకుని ఆయన కాపాడింది ఆ పనిని అని నాకు చాచా పోయాకే అర్థమైంది.

పాత బండి దానంతట అది బతకదు. దాన్ని ఎరిగిన చేతులుంటేనే బతుకుతుంది. ఆ చేతులు పోతే, ఎంత మెరిసినా అది పూలకుండీయే. మన బడి కూడా అంతేనని నాకనిపిస్తుంది. ఈ యాభై ఏళ్ళలో గోడలకు చాలాసార్లు రంగులు మారాయి. కానీ బడి నిలబడింది, ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొకరికి నేర్పుతూ రావడం వల్ల.

అందుకే, ముందే చెప్పాను కదా, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ సంచిక చివర మన సభ్యుల పేర్లు, బ్యాచ్‌లు, ఉద్యోగాలు, ఊర్లు అచ్చవుతాయి. వచ్చే ముద్రణలో ఇంకొక్క గడి చేర్చండి: "నేర్పగల పని". ఉద్యోగం గడిలో బ్యాంకు మేనేజరని రాసినవారు ఈ గడిలో హార్మోనియం రిపేరు అని రాయొచ్చు. గృహిణి అని రాసిన అక్కయ్య ఇక్కడ జరీ అంచు కుట్టడం అని రాయొచ్చు. మన బ్యాచ్‌లో ఒకడు లేతు మీద అద్భుతంగా పనిచేస్తాడు, వాడు సిగ్గుపడి రాయకపోతే నేనే రాసేస్తాను. ఎంత చదువుకున్నాం, ఎంత సంపాదించాం అన్న లెక్క పక్కన, మన చేతుల్లో ఏముందన్న లెక్క కూడా ఉండాలి.

నా వంతు నేను చెబుతాను. ప్రధానోపాధ్యాయురాలు గారు అనుమతిచ్చారు. వచ్చే నెల నుంచి ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం నా హెరాల్డ్ ఈ ఆవరణలో, సైకిలు స్టాండు పక్కన ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, ఆరుగురు చొప్పున రావచ్చు. బానెట్ ఎత్తి పెడతాను. చేతులు మసి అవుతాయని ఇళ్ళలో చెప్పి రమ్మనండి. విప్పిన వరసలో పేర్చడానికి పాత న్యూస్‌పేపర్లు నేనే తెస్తాను. చాచా స్క్రూడ్రైవరు ఆయన కొడుకు నాకిచ్చాడు, అదీ తెస్తాను. ఆ ఆరుగురిలో ఒక్కరి చెవి పట్టుకున్నా నాకు చాలు.